మిద్దె మీద థూజా అంట్లు: చలికాలం నుంచి వానల దాకా

అక్టోబరు

ఈ చలికాలానికి పెట్టుకున్న పని ఇది. మామూలు పచ్చ థూజా మొలకల మీద రెండు రకాలు అంటుకట్టాలి: ఒకటి బంగారు థూజా, రెండోది బోన్సాయ్‌లకు వాడే జపాన్ రకం షింపాకు జూనిపర్. వీలు కుదిరితే క్రిస్మస్ చెట్టు పేరుతో అమ్మే అరౌకేరియా మీద కూడా ప్రయత్నం చేయాలి. చోటు బెంగళూరు రామమూర్తి నగర్‌లో మా మిద్దె, మధ్యాహ్నం నుంచి నీళ్ల ట్యాంకు నీడ పడే మూల.

థూజా, పైన్ లాంటి శంకువులు కాసే కోనిఫర్ల అంట్ల గురించి దొరికే సమాచారం దాదాపు అంతా చలిదేశాలది. అక్కడ డిసెంబరు వచ్చేసరికి మొక్కలు పూర్తిగా నిద్రలోకి వెళ్లిపోతాయి. వేరు మొక్కను, అంటే కింద వేరుగా ఉండే మొక్కను, కుండీతో సహా గ్లాస్‌హౌస్‌లోకి తెచ్చి కాస్త వెచ్చగా ఉంచుతారు. తెల్లని కొత్త వేరుకొసలు కనబడగానే, ఇంకా నిద్రలోనే ఉన్న సయాన్‌ను, అంటే పైన అతికే కొమ్మను, తెచ్చి దాని మీద కడతారు. కింద వేరు మేలుకుని ఉండాలి, పైన కొమ్మకు ఇంకా ఆకలి పుట్టకూడదు. వాళ్ల పద్ధతంతా ఈ తేడా మీదే నడుస్తుంది.

మన దగ్గర ఆ నిద్ర లేదు. సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్నాం కాబట్టి డిసెంబరు, జనవరి రాత్రుల్లో 15, 16 డిగ్రీలకు దిగుతుంది. పగలు మళ్లీ 27 దాకా పోతుంది. మొక్క నెమ్మదిస్తుంది గానీ ఆగదు. జనవరిలో కట్టమంటే వాళ్లెందుకు అన్నారో తెలుసుకుని, ఆ కారణానికి ఇక్కడ ఏ వారం సరిపోతుందో మనమే చూసుకోవాలి. ఇంకో తేడా కూడా ఉంది. వాళ్ల భయం చలి గురించి, మన భయం ఎండిపోవడం గురించి. వానలు వెళ్లాక బెంగళూరు గాలి ఎంత పొడిగా ఉంటుందో పెదాలు పగిలే వాళ్లందరికీ తెలుసు.

వేరు మొక్కగా థూజానే ఎందుకంటే, మొదట అది చవక, ఎక్కడైనా దొరుకుతుంది. రెండోది, ప్లాటిక్లేడస్ ఓరియెంటాలిస్ అనే ఈ మొక్క పుట్టిల్లు ఉత్తర చైనా, కొరియా వైపు. సున్నపు నేలనూ నీటి ఎద్దడినీ తట్టుకుంటుంది. మా బోరు నీళ్లకు ఆ ఓర్పు అవసరం. మూడోది, జూనిపర్లకూ హినోకీ సైప్రస్ లాంటివాటికీ నర్సరీల వాళ్లు దీన్ని ఎప్పటినుంచో వేరు మొక్కగా వాడుతున్నారు. నేను కొత్తగా కనిపెడుతున్నదేమీ లేదు, బెంగళూరు ఎండకు ఎంతవరకు నిలుస్తుందో చూడటమే నా పని.

అంటు కట్టడం ఎందుకు, కొమ్మ గుచ్చితే రాదా అని ఇంట్లో అందరూ అడిగారు. షింపాకు కొమ్మ గుచ్చినా వేరు పోస్తుంది, కాకపోతే నిదానం. బంగారు థూజా విత్తనం వేస్తే మాత్రం తల్లి రంగు వస్తుందన్న నమ్మకం లేదు, చాలావరకు పచ్చవే లేస్తాయి. అలంకారపు కోనిఫర్లన్నిటికీ ఇదే తంతు. కుదిమట్టంగా ఉండేవీ, నీలంగా ఉండేవీ, వేలాడేవీ చాలావరకు ఎక్కడో ఒక్క మొక్కలోనో, ఒక్క కొమ్మలోనో వచ్చిన మార్పులే. పెద్ద చెట్టు మీద విచెస్ బ్రూమ్ అనే గుబురు ఒకటి కడుతుంది. దాంట్లోంచి పుల్ల తీసి కట్టి కొత్త రకాలు చేస్తారు. తోటల్లో శంఖంలా కనిపించే పొట్టి ఆల్బెర్టా స్ప్రూస్‌ను 1904లో కెనడాలో లేక్ లూయీజ్ దగ్గర ఆర్నాల్డ్ ఆర్బొరేటమ్ వృక్షశాస్త్రజ్ఞులు జాక్, రేడర్ చూశారు. ప్రపంచమంతా ఉన్నవి దాని సంతానమే, విత్తనంతో కాకుండా కొమ్మలతో వచ్చినవి. ఒక్క కొమ్మ వందేళ్లకు పైగా వేలాది కుండీల్లో కొనసాగుతోందంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

కింది వాటాలో ఉండే నెల్లూరు ఆంటీ, "సరుగుడు మీద కట్టమ్మా, మా తీరం నిండా అవే గదా" అన్నారు. చూడటానికి పైన్ లాగే ఉన్నా సరుగుడు కోనిఫర్ కాదు, పూలు పూసే మొక్కల జాతి. మనం సూదులనుకునేవి సన్నని కణుపుల రెమ్మలు, అసలు ఆకులు ఆ కణుపుల దగ్గర పళ్లలా కనబడే చిన్న పొలుసులు. ఒకటి పట్టుకుని లాగి చూపించాను, కణుపు దగ్గర టక్కున ఊడింది. దాని మీద జూనిపర్ పట్టే ప్రసక్తే లేదు.

నవంబరు

వేరు మొక్కల్లో సగం పోయినేడు నేను విత్తనం వేసి లేపినవి. థూజా కాయ పచ్చిగా ఉన్నప్పుడు బూడిద పూసిన నీలిరంగులో ఉంటుంది, ఒక్కో పొలుసు చివర చిన్న కొమ్ము వంగి ఉంటుంది. గోధుమరంగుకు తిరిగి విచ్చుకోవడం మొదలుపెట్టగానే కోసి కాగితం మీద ఆరబెట్టాలి. రెక్కల్లేని 5 మిల్లీమీటర్ల గింజలు రాలతాయి. ఇసుక, కొబ్బరి పొట్టు కలిపి వేస్తే చక్కగా మొలుస్తాయి.

మిగతా సగం లాల్‌బాగ్ సిద్దాపుర గేటు దగ్గరి నర్సరీల వరుసలో కొన్నాను. అక్కడ పనిచేసే అనంతపురం అబ్బాయి మంచి మాట చెప్పాడు: "పైన చూడకండి మేడం, కవరు అడుగు చూడండి. వేరు బయటికొచ్చి నేల పట్టిందంటే, పీకినప్పుడే సగం తెగిపోయినట్టు." నిజమే. పైకి నిగనిగలాడుతున్న రెండు మొక్కల కవర్లు పైకెత్తితే కింద నుంచి వేర్లు టప్ మని తెగిన చప్పుడు వినబడింది. వాటిని పక్కన పెట్టి, కాస్త బక్కగా ఉన్నా వేరు లోపలే ఉన్నవి ఏరుకున్నాను. కాండం పెన్సిలు మందం, కింద నుంచి జానెడు ఎత్తు వరకు తిన్నగా ఉండాలి. అదే కొలత.

ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, ముతక ఇసుకతో కుండీలు మార్చి స్థిరపడనిచ్చాను. నెలాఖరున ఒక కుండీ బోర్లించి మట్టిముద్ద చూస్తే అంచు చుట్టూ తెల్లని కొసలు కనిపించాయి. చలిదేశం వాళ్లు గ్లాస్‌హౌస్‌లో తెప్పించుకునేది మాకు నవంబరు మిద్దె మీద ఊరికే వచ్చింది. వేరు వైపు సిద్ధం.

ఇక్కడి నుంచి నీళ్లు తగ్గించాను. కట్టే ముందు వారం పది రోజులు వేరు మొక్కను కాస్త పొడిగా ఉంచాలి. తడి ఎక్కువైతే కోత పెట్టిన చోట ఊట ఊరి సయాన్‌ను బయటికి నెట్టేస్తుంది. మామిడికి అలవాటుపడిన చేతికి ఇది వింతగా ఉంటుంది.

డిసెంబరు రెండో వారం: బంగారు థూజా

మావయ్యగారు కడియం నుంచి వచ్చారు. అక్కడి నర్సరీల్లో ఏళ్ల తరబడి మామిడి, సపోటా అంట్లు కట్టిన చేయి ఆయనది. ఆయన కత్తి పట్టుకునే తీరు చూస్తే చాలు, సగం పని వచ్చేస్తుంది. కత్తి కదలదు, మొక్కను పట్టుకున్న ఎడమచెయ్యి నిదానంగా వెనక్కి జరుగుతుంది.

సయాన్లు పొద్దున్నే, మొక్క పైభాగంలో ఎండ బాగా తగిలే వైపు నుంచి తీశాను. కొస పచ్చగా, మొదలు దగ్గర అప్పుడే గోధుమరంగు తిరుగుతున్న రెమ్మలు. 10 నుంచి 12 సెంటీమీటర్లు. పూర్తిగా పచ్చిగా ఉన్నది ఎండిపోతుంది, బాగా ముదిరినది కదలడానికి బద్ధకిస్తుంది. తడిగుడ్డలో చుట్టి జిప్ కవర్లో పెట్టుకున్నాను.

కోనిఫర్లకు మామూలుగా వాడేది పక్క వెనీర్ అంటు. వేరు మొక్క తల తీయరు. కాండం అడుగున నాలుగు వేళ్ల మేర రెమ్మలన్నీ గిల్లేసి, తడిగుడ్డతో మట్టి తుడిచాను. ఒకవైపే పదునున్న అంటుకత్తి బ్లేడును స్పిరిట్‌తో తుడిచి, కాండానికి దాదాపు సమాంతరంగా పెట్టి 3 సెంటీమీటర్లు కిందికి దించాను. బెరడు దాటి చెక్కలోకి ఇలా తగిలి అలా ఆగాలి. అడుగున చిన్న అడ్డకోత పెడితే లోపలి చెక్కు ఊడి, కింద పెదవిలాంటి చిన్న అంచు మిగులుతుంది. ఇప్పుడు కోతను దగ్గరికి తెచ్చుకుని చూస్తే బయట గోధుమరంగు బెరడు, దాని లోపల వెంట్రుక మందాన తడిగా మెరిసే పచ్చని గీత, ఆ లోపల పాలిపోయిన చెక్క. కొత్త కణాలు పుట్టే పలచని పొర, కేంబియం, ఆ గీత దగ్గరే ఉంది. పనంతా దాని కోసమే. సయాన్ అడుగు రెమ్మలు తీసి ఒకవైపు అదే పొడవున ఏటవాలుగా, రెండోవైపు కొసన పొట్టిగా చెక్కాను. దాన్ని ఆ పెదవిలో నిలబెట్టి ఒక అంచు గీతను వేరు మొక్క అంచు గీతతో కలిపాను. రెండిటి మందం ఒకటి కాదు కాబట్టి రెండువైపులా కలవవు. మధ్యలో పెడితే ఏ వైపూ కలవదు, అందుకని ఒక పక్కకు జరిపి ఆ ఒక్క పక్కనైనా గట్టిగా కలపాలి.

"అంచు వేలికి తగలకూడదు తల్లీ, కళ్లు మూసుకుని రాసి చూడు" అన్నారు మావయ్యగారు. బయటి బెరడు మందాల్లో తేడా ఉంటుంది కదా, వేలికి సాపుగా ఉంటే లోపల గీతలు తప్పినట్టే కదా అని అడిగాను. కాసేపు ఆలోచించి, "ఔను, మామిడికి మేం ఒకే మందం పుల్ల ఏరుకుంటాం. దీనికి కంటితోనే చూసుకో" అన్నారు. ఆయన అలా ఒప్పుకోవడం నాకెంత నచ్చిందో చెప్పలేను.

కట్టు మామిడికి వాడే 200 గేజ్ పాలిథిన్ పట్టీతోనే, కింది నుంచి పైకి, ఒకదాని మీద ఒకటి సగం ఎక్కేలా. పారదర్శకంగా ఉండటం తర్వాత ఎంత పనికొచ్చిందో ఫిబ్రవరిలో రాశాను. కుండీలన్నీ ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, ఇనుప తీగ వంచి గూడు చేసి, పైన పాలిథిన్ కప్పాను. ఆ పైన 50 శాతం షేడ్‌నెట్. నేరుగా ఎండ పడితే గూడు లోపల క్షణాల్లో ఉడికిపోతుంది.

ఒకే జాతి కాబట్టి ఇవి చేతికి సాధన. అసలు పరీక్ష షింపాకుతో.

డిసెంబరు చివర: అరౌకేరియా

మా వీధి చివర అపార్టుమెంటులో వానాకాలపు గాలికి కొస విరిగిన పెద్ద అరౌకేరియా ఉంది. విరిగిన చోట కింది నుంచి నిటారుగా రెండు మూడు పిలకలు లేచాయి. తోటమాలి వాటిలో ఒకటి ఉంచి మిగతావి తీసేస్తుంటే అడిగి తెచ్చుకున్నాను.

అవే ఎందుకు కావాలంటే, అరౌకేరియాలో పక్క కొమ్మ తీసి కడితే అది బతికినా జీవితాంతం పక్కకే పాకుతుంది, చెట్టు ఆకారం రాదు. తాను కొమ్మనన్న సంగతి ఆ కణజాలం మరిచిపోదు. దీన్ని టోపోఫిసిస్ అంటారు. నిటారు చెట్టు కావాలంటే నిటారు పిలకే కావాలి. విరిగిన చెట్టు దయతలచి ఇస్తే తప్ప మామూలుగా ఒక్క కొసకు మించి దొరకదు.

నార్ఫోక్ పైన్ అని ఇక్కడ అమ్మేవాటిలో చాలావాటిని చూస్తే కుక్ పైన్ లక్షణాలే కనిపిస్తాయి. రెండూ నిజానికి పైన్లు కావు. కుక్ పైన్ న్యూ కలెడోనియాది. 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో ప్రపంచమంతటా ఈ చెట్లను కొలిచి చూస్తే అవి భూమధ్యరేఖ వైపు సగటున 8 డిగ్రీలకు పైగా ఒరిగి ఉన్నాయని తేలింది. ఉత్తరార్ధగోళంలో దక్షిణానికి, దక్షిణార్ధగోళంలో ఉత్తరానికి. ఆ వీధి చెట్టును ఫోన్ దిక్సూచితో చూశాను, దక్షిణానికే. లాల్‌బాగ్‌కు వెళ్లినప్పుడు అరౌకేరియాల వరుస ముందు నిలబడి మీరూ చూడండి.

ఈ పిలకలను అరౌకేరియా మీదే కట్టడం కష్టమైంది. కోసీ కోయగానే చిక్కటి జిగురు ఉబుకుతుంది, తుడిచేకొద్దీ వస్తుంది. గుడ్డ గోరువెచ్చని నీళ్లలో ముంచి తుడిచి, ఊట తగ్గాకే కలిపాను.

జనవరి: షింపాకు

కేఆర్ పురంలో ఉండే కోలారు తమ్ముడు బోన్సాయ్‌లు పెంచుతాడు. అతని దగ్గర ఇతోయిగావా రకం షింపాకు ఉంది. జపాన్‌లో నీగాతా వైపు ఇతోయిగావా ప్రాంతపు కొండల నుంచి వచ్చిన రకం. ఆకు నాజూగ్గా, దగ్గర దగ్గరగా, చూడగానే చేత్తో తాకాలనిపించేలా ఉంటుంది. అక్కడివాళ్లు ముతక ఆకున్న పాత జూనిపర్ మొద్దుల మీద ఈ ఆకును అంటుకట్టి, ముసలి కాండానికి కొత్త పచ్చదనం ఇస్తారు.

"ఎన్ని కావాలక్కా?" అన్నాడు. చెట్టుకు ఎంత తీస్తే నష్టం లేదో అంతే ఇవ్వమన్నాను. తనే చూసి, లోపలి బలహీనమైన రెమ్మలు కాకుండా ఎండవైపు కొసలు కోసిచ్చాడు. బోన్సాయ్ మీద ఒక్కో కొస వెనుక ఏళ్ల శ్రమ ఉంటుందని తెలిసీ అలా ఇచ్చాడు. అందుకే ఈ అంట్ల విషయంలో నాకు ఇంత పట్టింపు.

షింపాకు పుల్ల సన్నం, థూజా కాండం లావు. కోత ఇంకా పైపైన, బెరడు కింద పలచగా మాత్రమే పెట్టాలి. లోతుగా పోతే సన్నపుల్ల గీత ఆ లోతులో చెక్కకు ఆనుతుంది తప్ప కేంబియాన్ని చేరదు. కొన్నిటికి ఒకే కాండం మీద ఎదురెదురుగా రెండేసి కట్టాను. ఒకటి పోయినా వేరు మొక్క వృథా కాదు.

గూడులో వేడి కొలిచే చిన్న మీటరు పెట్టాను. పగలు 24, 25, రాత్రి 17. కోత మానడానికి 20 డిగ్రీల చుట్టూ ఉంటే బాగుంటుంది. ఈ విషయంలో బెంగళూరు జనవరి కొన్నా దొరకని వరం. హీటరూ వద్దు, కూలరూ వద్దు.

గూడు లోపల తెల్లవారుజామున పాలిథిన్‌కు చెమ్మ పట్టాలి, మధ్యాహ్నానికి కొంత ఆరాలి. రోజంతా కారుతుంటే బూజు వస్తుంది, అసలు పట్టకపోతే సయాన్ ఎండుతోందని అర్థం. కుండీకి నీళ్లు చాలా తక్కువ, మట్టిలో వేలు పెట్టి చూశాకే. పైన చల్లడానికి వాన నీళ్లు దాచిపెట్టుకున్నాను. బోరు నీళ్లు చల్లితే ఆకు మీద తెల్లని సున్నపు పొర కట్టి, ఏది తెగులో ఏది మరకో తెలియకుండా పోతుంది.

రిపబ్లిక్ డే పూల ప్రదర్శనకు లాల్‌బాగ్ వెళ్లాం. 1889 నాటి గాజు ఇల్లంతా జనమే. నేను బోన్సాయ్‌ల దగ్గర జూనిపర్ల మొదళ్లు వంగి వంగి చూస్తుంటే మావయ్యగారు, "పూలు అటుంటే నువ్విటు మొదళ్లు చూస్తావేంటమ్మా" అన్నారు. నేను వెతికింది పాత అంటు మచ్చ. బాగా కుదిరిన చోట బెరడు గీత కూడా కనబడదు. సరిగా కలవని చోట పైకంటే కింద ఉబ్బుతుంది. థూజా వేగంగా లావెక్కుతుంది, షింపాకు నిదానం. మావాటికీ ఆ ఉబ్బు రావచ్చు, వచ్చేది ఏళ్ల తర్వాత.

ఫిబ్రవరి: పచ్చగా ఉంది సరే, బతికుందా?

ఇంటికొచ్చి చూసినవాళ్లంతా "అన్నీ బతికాయే!" అంటున్నారు. అన్నీ పచ్చగానే ఉన్నాయి. కానీ కోనిఫర్ విషయంలో ఆ మాట ఇంత తొందరగా అనకూడదు.

మామిడి పుల్ల పట్టకపోతే వారాల్లో నల్లబడి చెప్పేస్తుంది. పడితే నెలలోపే చిగురు పెట్టి అదీ చెప్పేస్తుంది. జూనిపర్, థూజా ఆకులు అలా కాదు. చిన్న పొలుసులు, పైన మైనపు పూత, బయటికి పోయే నీరే తక్కువ. చుట్టూ గూడులో తేమ. వేరుతో ఏ సంబంధమూ లేకుండానే, లోపల దాచుకున్న నీటితో ఆ కొమ్మ వారాల తరబడి, ఒక్కోసారి నెలకు పైగా నిన్ననే కోసినట్టు కనబడుతుంది. తర్వాత ఒకరోజు గూడు తెరుస్తాం, వారంలో గోధుమరంగు. గూడు తీయడం వల్ల చచ్చిందనుకుంటాం. అది ఎప్పుడో పోయింది, మనకు ఆ రోజు తెలిసింది. కొత్తగా ఈ పని మొదలుపెట్టినవాళ్లు విసిగి వదిలేసేది చాలావరకు ఇక్కడే అని నా నమ్మకం. కత్తిపని నేర్పేవాళ్లు చాలామంది దొరుకుతారు, ఈ ఎదురుచూపులో ఏం చూడాలో చెప్పేవాళ్లు తక్కువ.

నేను చూస్తున్నవి ఇవి. పారదర్శకపు పట్టీ లోంచి కోత అంచు వెంట మీగడ రంగులో సన్నని వరుస పొంగి కనబడుతోందా అన్నది మొదటిది. అదే కాలస్. బంగారు థూజాల్లో సగానికి పైగా వాటికి అది భూతద్దంలో స్పష్టంగా కనబడింది. చిన్న చిన్న బుడిపెలు పక్కపక్కనే, తడి మెరుపుతో. కాలస్ ఉందంటే గాయం మానుతోందని మాత్రమే, రెండువైపులా నీటి దారి కలిసిందని కాదు. ఆ దారికి కొత్త చెక్క కణాలు పుట్టాలి, దానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. రెండోది, కొస రంగు. మిగతా ఆకుకంటే కొస ఒక మెట్టు లేతగా మారిందంటే అది అసలు కబురు. అప్పటిదాకా లాగి చూడటం, కదిపి చూడటం లేదు.

నెల మధ్యలో షింపాకు ఆకుల మీద మసక పడింది. ఎండుతోందేమో అనిపించే రంగు. తెల్లకాగితం కింద పెట్టి రెమ్మను తట్టాను. దుమ్ములా రాలిన చుక్కల్లో కొన్ని నడవడం మొదలుపెట్టాయి. వేలితో గీస్తే ఎర్రటి గీత. ఎర్రనల్లి. పొడిగాలి దానికి పండగ, వానకు తడవని గూడు ఇంకా పండగ. మూడురోజులకోసారి సన్నని ధారతో ఆకుల అడుగు భాగాన వాన నీళ్లు కొట్టి, మధ్యలో ఒకసారి వేపనూనె సబ్బునీళ్లలో చాలా పలచగా చల్లాను. కట్టు మీద నూనె పడకుండా గుడ్డ చుట్టాను. కాగితం పరీక్ష ప్రతి ఆదివారం. జూనిపర్ పెంచే ఎవరికైనా నేను చెప్పే మొదటి మాట ఇదే: రంగు చూసి నీళ్లు పోయకండి, ముందు కాగితం పట్టండి.

మార్చి

మొదటి వారం బంగారు థూజాలు కదిలాయి. విసనకర్రలా ఉండే రెమ్మల అంచులన్నిటా లేత నిమ్మరంగు. మావయ్యగారికి ఫోన్‌లో ఫొటో పంపితే, "చిగురంటే ఇదేనా! నేను ఆకు విప్పుకుంటుందనుకున్నా" అన్నారు. ఫొటో పెద్దది చేసి చూశాక మాత్రం ఆయన గొంతు మారింది. "పట్టింది. పట్టింది అమ్మాయ్."

షింపాకుల్లో కొన్ని నెలాఖరుకు కొస తిప్పాయి. కొన్నిటిలో మెత్తని పొలుసులకు బదులు ముళ్లలాంటి సూది ఆకులు వచ్చాయి. కోనిఫర్ పుస్తకాల్లో ఇది మామూలే. జూనిపర్‌కు కష్టం కలిగితే బాల్యపు ఆకు వేస్తుంది, కుదుటపడ్డాక మళ్లీ పొలుసులకు వస్తుంది. కోలారు తమ్ముడు కూడా అదే అన్నాడు: "గిల్లొద్దక్కా, దాని దారిన దాన్ని పోనీ."

కదిలినవాటికి గూడు కొద్దికొద్దిగా తెరవడం మొదలుపెట్టాను. ముందు సాయంత్రం పూట ఒక మూల, తర్వాత రాత్రంతా, చివరికి పగలు. వేరు మొక్క తల కూడా ఇప్పుడే మొదటిసారి మూడో వంతు తీశాను. ఒక్కసారే నరికితే వేరుకు తిండి పెట్టే ఆకంతా పోతుంది, మొన్న కలిసిన సన్నదారి మీద భారమంతా పడుతుంది. అసలు తీయకపోతే వేరు మొక్క తన కొసకే అంతా పంపుకుంటుంది, సయాన్ అతిథిలా కూర్చుని ఉంటుంది. ఈ మూడో వంతు, సగం, మొత్తం అనే మెట్ల మధ్య ఎంత ఆగాలన్నది సయాన్ కొస చెప్పాలి, క్యాలెండరు కాదు.

ఏప్రిల్

ఎండలు. బెంగళూరులో 2016 ఏప్రిల్ 24న 39.2 డిగ్రీలు నమోదైంది, వాతావరణ రికార్డుల్లో ఇప్పటికీ చెప్పుకునే రోజు. ఈ ఏడు అంత లేదు గానీ మిద్దె సిమెంటు వేడి కింద నుంచి కొడుతుంది. కుండీలను చెక్కబల్ల మీదికి ఎత్తి, బల్ల కింద తడి గోనెసంచులు పరిచాను. షేడ్‌నెట్ రెండో పొర వేశాను.

ఈ నెలలోనే పచ్చదనం ముసుగు తీసింది. ఫిబ్రవరి నుంచి రంగు మారకుండా, కొస తిప్పకుండా ఉన్న షింపాకులు వరసగా ఎండాయి. ఎండినదాన్ని విప్పి కోత చూశాను. వేరు మొక్క వైపు కాలస్ నిండుగా ఉంది, సయాన్ వైపు కోత పొడిగా, గోధుమగా, మొదటిరోజున ఎలా ఉందో అలాగే ఉంది. అంటే థూజా తన వంతు చేసింది, సన్నపుల్ల దాన్ని అందుకునేంత కాలం నిలవలేదు. నల్లి తినేసిన రెమ్మలే వీటిలో ఎక్కువ. ఎదురెదురుగా కట్టిన జంటల్లో ఒకటి పోయి ఒకటి నిలిచినవి ఉన్నాయి. ఆ పద్ధతి వచ్చే ఏడు అన్నిటికీ పెడతాను.

వచ్చే ఏడు షింపాకును జనవరిలో కాకుండా డిసెంబరు మొదట్లోనే కట్టాలని కూడా తేల్చుకున్నాను. ఎనిమిది వారాలు ఫిబ్రవరి పొడిగాలికి ముందే పూర్తి కావాలి. చలిదేశం వాళ్లకు గడువు వసంతం, మనకు గడువు ఎర్రనల్లి.

మే, జూన్

మే వానలు పడ్డాక మొక్కల తీరే మారింది. బంగారు థూజాలకు వేరు మొక్క తల పూర్తిగా తీసేశాను, అంటుకు సరిగ్గా పైన, ఏటవాలుగా, నీరు నిలవకుండా. పట్టీలు నిలువుగా ఒక గాటు పెట్టి విప్పాను. విప్పకుండా ఉంచితే పెరిగే కాండం మీద ఉరిలా బిగుస్తుంది. కింద నుంచి థూజా పిలకలు వస్తూనే ఉన్నాయి, కనబడ్డప్పుడల్లా గోటితో తీసేయడమే.

షింపాకులకు తల ఇంకా సగం ఉంచాను. వేరే జాతి మీద కూర్చున్నది, తొందర లేదు.

ఒక బంగారు థూజా కుండీ మావయ్యగారితో కడియం వెళ్లింది. అక్కడి వేడికి, తేమకు ఏమవుతుందో చూడాలని ఆయనకే ఉబలాటం. "మీ బెంగళూరు చల్లదనం లేకుండా నిలిస్తేనే అంటు అంటాను" అన్నారు.

జులై

ఇవాళ్టి పరిస్థితి. బంగారు థూజాలు అన్నీ సొంతంగా నిలబడ్డాయి, వాటికి ఇక డైరీ అక్కర్లేదు. షింపాకుల్లో మూడో వంతుకు కాస్త ఎక్కువ పెరుగుతున్నాయి. ముళ్ల ఆకు వేసినవాటిలో రెండింటికి కొసల దగ్గర మళ్లీ మెత్తని పొలుసులు మొదలయ్యాయి. బలంగా ఉన్నదాన్ని కోలారు తమ్ముడికి ఇస్తున్నాను, ఎండాకాలం గడిచాక దాని మొదలు ఎలా ఉందో అతను చెబుతాడు. మిగిలినవాటికి తలలు వానలు తగ్గాక సెప్టెంబరులో తీస్తాను.

అరౌకేరియా రెండింటిలో ఒకటి మేలోనే పోయింది. రెండోదానికి కాలస్ ఉంది, కొస మాత్రం డిసెంబరులో ఎలా ఉందో అలాగే ఉంది. కట్టు వదులు చేసి కొత్త పట్టీ వేశాను. వేరు మొక్క తల ముట్టుకోలేదు. సెప్టెంబరు దాకా చూస్తాను. ఈలోపు వచ్చే ఏడాదికి థూజా గింజలు నానబెట్టాలి, సిద్దాపురలో ఆ అనంతపురం అబ్బాయిని కవర్లో వేరు ముదరని మొక్కలు ఒక పక్కన పెట్టమని చెప్పి రావాలి.